కూడబెట్టుకున్న మనుషులు

ఈ వారం భాగం కూడా ఆలస్యంగానే పంపుతున్నాను, పత్రికవాళ్ళు మన్నించాలి. అక్షరాలు నాకు పెద్దతనంలో వచ్చినవి. ఒక పేజీ రాసేసరికి పొద్దు వాలిపోతుంది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిన చోట చదివేవాళ్ళే సర్దుకుని చదువుకోండి.

పోయినవారం మన పిట్టను ఆసుపత్రిలోని కృత్రిమ అవయవాల కేంద్రంలో, ఇన్‌చార్జి మేడమ్ గది గుమ్మం దగ్గర వదిలిపెట్టాం. కొత్తగా చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను. కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళకు కొత్తవి తయారుచేసే చదువులో పిట్టది ఆఖరి సంవత్సరం. నోరు మూసుకుని ఒకచోట కూర్చోలేదు కనక క్లాసులో అంతా వసపిట్ట అంటారు. ఇంట్లో దాన్నే కుదించి పిట్ట అంటారు. తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆ చదువులో పాసైపోతే చాలదు. ఏదో ఒక వర్క్‌షాపువాళ్ళు ఏడాదిపాటు దగ్గర పెట్టుకుని పని నేర్పితేనే సొంతంగా కాలు కట్టే అర్హత వస్తుంది. దగ్గర పెట్టుకోవాలంటే లోపలివాళ్ళెవరో ఒకరు ‘ఆ పిల్ల నాకు తెలుసు’ అనాలి. పిట్ట చుట్టాల్లో అలా అనగలిగినవాళ్ళు మచ్చుకైనా లేరు.

అందుకే కాలేజీలో అడుగుపెట్టిన కొత్తలోనే పిట్ట పరిచయాలు పెంచుకోవడం మొదలుపెట్టింది. అలా కలిసిన మనిషే పెద్దమేస్త్రి. జన్మంతా కాళ్ళు తయారుచేసి, ఇక చాలని విరమించుకున్నవాడు. ఆయన కూతురు కూడా ఆ పనిలోకే వచ్చి, మంచి పేరు తెచ్చుకుని, జబ్బు చేసి చిన్నవయసులోనే పోయింది. కాలేజీలో జరిగిన ఒక సభలో పిట్ట ఆయన పక్కన కూర్చుని, రబ్బరు పాదం ఎందుకు తొందరగా అరుగుతుందని అడిగింది. ఆయన సభ ముగిసేదాకా చెబుతూనే ఉన్నాడు. ఆనాటి నుంచి ఆమెను వెంటబెట్టుకుని ఒక్కొక్క వర్క్‌షాపుకీ తీసుకెళ్తున్నాడు. ఎక్కడికి వెళ్ళినా ఒకటే పద్ధతి. పిట్టను బయట బల్లమీద కూర్చోబెట్టి, ముందు తానొక్కడే లోపలికి వెళ్ళి మాట్లాడి, తర్వాత ఆమెను పిలుస్తాడు.

ఈ కేంద్రంలో ఉన్నది ఒక్కటే సీటు. ఇక్కడ కూడా ఆయనే ముందు వెళ్ళాడు. ఈసారి మాత్రం తిరిగి వచ్చి పిట్ట మొహం చూడకుండానే “వెళ్ళమ్మా” అన్నాడు. పిట్ట లోపలికి వెళ్ళగానే ఇన్‌చార్జి లేచి తలుపు మూసింది. అక్కడ ఆగాం.

గది చిన్నది. ఒక గోడ పొడుగునా అరలు, అరల నిండా ప్లాస్టర్‌తో పోతపోసిన మోకాళ్ళు, పిక్కలు, తొడలు. రెండో గోడకు పెద్ద కిటికీ. అవతల నడక నేర్పే హాలు, దాని తెరిచిన తలుపులోంచి వరండా బల్ల కనిపిస్తున్నాయి. రెండు పొడుగాటి కడ్డీలు, వాటి చివర నిలువెత్తు అద్దం. ఒక లావుపాటి ఆయన కడ్డీలు పట్టుకుని కొత్త కాలితో నడుస్తున్నాడు. అద్దంలో తనను చూసుకోవాలంటే సిగ్గేమో, తల వంచుకునే ఉన్నాడు.

ఇన్‌చార్జికి ముప్పై అయిదు దాటి ఉంటాయి. గుర్తులు పెట్టే పెన్సిల్ రంగు ఇంకి వేళ్ళ చివర్లు ఊదాగా ఉన్నాయి. మొహంలో కోపం లేదు, చనువూ లేదు.

పిట్ట ఊరికే రాలేదు. కొత్త మనుషుల దగ్గరికి వెళ్ళేముందు వాళ్ళ గురించి నలుగురినీ అడిగి తెలుసుకోవడం ఆమెకు అలవాటు. మొదటిసారి కలిసినప్పుడు ఏ సాయమూ అడగకూడదు. వాళ్ళకి ఇష్టమైన పని గురించి ఒక ప్రశ్న అడగాలి. వాళ్ళు చెప్పింది చేసి చూసి, మళ్ళీ వెళ్ళి ఏమైందో చెప్పాలి. పిల్లల పరీక్షలెలా అయ్యాయో, మోకాలి నొప్పి ఎలా ఉందో మరిచిపోకుండా పలకరించాలి. ఇదంతా ఆమెకు ఎవరూ నేర్పలేదు, పడుతూ లేస్తూ తనే పట్టుకుంది. తల్లికి మాత్రం ఇదంతా చేతులు చాచడంలాగే కనిపించేది. “లోకంలో వాళ్ళందరి మోకాళ్ళ నొప్పులూ నీకే కావాలి. నా నడుం సంగతి ఒక్కనాడైనా అడిగావటే?” అనేది. పిట్ట నవ్వి, అడిగి, సమాధానం వినకుండానే బయటికి పరుగెత్తేది.

ఆరోజు ఆ తెలివితేటలేవీ అక్కర్లేకపోయాయి. ఇన్‌చార్జి మాటలు పెట్టుకోలేదు. కుర్చీలో కూర్చుని తన మోకాలి మీదికి పలచటి తెల్ల మేజోడు తొడుక్కుని, ఊదా పెన్సిల్ పిట్ట చేతికిచ్చింది. ప్లాస్టర్ చుట్టేముందు ఎముక ఎక్కడెక్కడ పొడుచుకొచ్చి ఉందో మేజోడు మీద గుర్తు పెడతారు. ఆ గుర్తులే అచ్చులోకి దిగుతాయి. గుర్తు తప్పితే సాకెట్ తప్పుతుంది. సాకెట్ అంటే మొండికాలు దూరే గిన్నె. అది తప్పితే మనిషి అడుగు తీసి అడుగు వెయ్యలేడు.

పిట్ట నేలమీద మోకరిల్లింది. బొటనవేలితో తడిమి చూసి మోకాలి చిప్పకు ఒక గుర్తు, దాని కింద నరానికి ఒకటి, పక్క ఎముక బుడిపెకు ఒకటి పెట్టింది. కాలేజీలో అందరూ చుట్టూ సున్న చుడతారు. పిట్ట సున్న చుట్టదు. ఎముక కొన ఎటు తిరిగి ఉందో అటు చిన్న కొంకి గీస్తుంది, పెన్సిల్ ఆనీ ఆననట్టు.

ఇన్‌చార్జి ఆ కొంకుల్ని చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

“ఇలా గీయడం అదే నేర్పిందా నీకు?”

అది అంటే ఎవరో పిట్టకు అర్థం కాలేదు. కానీ ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే అడ్డుపడకుండా తల ఊపడం, మాట సాగనిచ్చి తర్వాత అర్థం చేసుకోవడం ఆమెకు ఒంటబట్టిన విద్య. ఎన్నో గదుల్లో ఆ విద్యే ఆమెను గట్టెక్కించింది. ఇక్కడ కూడా తల ఊపేసింది.

ఊపకుండా ఉండాల్సింది.

ఇన్‌చార్జి ఇక ఆగలేదు. పెద్దమేస్త్రి ఇప్పుడే చెప్పి వెళ్ళాడట. చివరి రోజుల్లో తన కూతురి పక్కన సాయంత్రాలు కూర్చుని కబుర్లు చెప్పిన పిల్ల ఇదేనట. దీనికో దారి చూపించమని నోరు తెరిచి అడిగి మరీ పోయిందట. ఆ మాటలు వింటుంటే పిట్టకు చేతిలో పెన్సిల్ ఉన్న సంగతే తెలియలేదు. పెద్దమేస్త్రి కూతుర్ని ఆమె చూసింది ఫొటోలోనే. ఆయన ఇంటి ముందుగదిలో గోడకు ఉంటుంది, నవ్వుతూ.

ఇన్‌చార్జి తన కథ చెప్పుకుంది. తనూ పెద్దమేస్త్రి కూతురూ ఒకే హాస్టల్ గదిలో ఉండి చదువుకున్నారు. ఈ కేంద్రంలో ఒకేసారి చేరారు. తను మాట్లాడితే అది పని చేసేది, అది మాట్లాడితే తను పని చేసేది. ఆ తర్వాత తను ఇన్‌చార్జి అయింది. కొన్నాళ్ళకు స్నేహితురాలి గుర్తులు గతి తప్పడం మొదలైంది. సాకెట్లు బిగుతై, రోగులు పుళ్ళతో తిరిగివచ్చారు. ఇన్‌చార్జి పదవి తనకు రాలేదని అలక పూని పని చెడగొడుతోందేమో అనుకుంది తను. ఒకరోజు రోగులూ పనివాళ్ళూ అందరూ ఉండగా దాని చేతిలోంచి పెన్సిల్ లాక్కుని, “నీ చేతులు ఇక ఈ పనికి పనికిరావు” అనేసింది. అది ఏమీ అనలేదు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, వెళ్ళిపోయింది. అది అలక కాదని, నరాల జబ్బు తొలి వణుకని తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

“దాని ఇంటికి వెళ్ళాను,” అంది. “వాళ్ళ నాన్న, బాబాయిగారు, గేటు దాకా వచ్చి, నిద్రపోతోందమ్మా అన్నారు. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అదే మాట. చివరి చూపుకి వెళ్ళి జనం వెనకాల నిలబడ్డాను.”

మేజోడు మీది గుర్తుల్ని వేలితో తడుముకుంది. తడి తగిలితే ఆ రంగు ఇంకా ముదురుతుంది. ఒకటి రెండు చోట్ల ముదిరింది కూడా.

“సీటు గురించి నువ్వేం దిగులుపడకు. అది నాకొదిలెయ్. ఒక్కటే చెప్పు. అది నా గురించి ఏమైనా అందా?”

పిట్ట నాలుక మీద సమాధానం సిద్ధంగా ఉంది. మిమ్మల్ని తలుచుకునేవారు మేడమ్. అంతే. అంత చిన్న మాట. దాంతో ఈ మనిషికి గుండెల్లో బరువు దిగుతుంది, తనకు సీటు వస్తుంది, లాండ్రీ ఆవిరికి ఊపిరాడక దగ్గే తల్లి ఇంకో ఏడాది తర్వాత ఇంట్లో కూర్చోవచ్చు. ఎవరికీ నష్టం లేదు. పిట్ట బతుకులో మొదటిసారి నోరు పెగల్లేదు.

మంచినీళ్ళు తాగి వస్తానని గొణిగి బయటికి వచ్చింది.

వరండాలో బల్లమీద పెద్దమేస్త్రి లేడు. కాస్త అవతల ఒక ముసలామె ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. ఎప్పుడో ఆయన చేసిన కాలే కాబోలు, పట్టీ వదులైందని ఆమె చెబుతుంటే ముడి విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు. మీ చెయ్యి తగిలితే చాలు బాబూ, ఇది మాట వింటుంది, లేకపోతే నా కోడలికన్నా మొండి, అంటోంది ఆమె. ఆయన నవ్వాడు. తలెత్తి పిట్టను చూసి నవ్వు ఆపుకున్నాడు.

ముసలామె వెళ్ళేదాకా పిట్ట ఆగింది. ఆ కాసేపట్లోనే తను కూర్చున్న బల్లలన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. చెక్క బల్లలు, ఇనప బల్లలు, ఒకచోట బోర్లించిన డ్రమ్ము. బయట తను కాళ్ళూపుకుంటూ కూర్చున్న ఆ కాసేపూ లోపల ఏం జరుగుతుండేదో ఇప్పుడు తెలుస్తోంది. చేతులు తయారుచేసే ఆవిడ తనను చూడగానే దగ్గరికి తీసుకుని తల నిమిరింది. ఎవరితోనూ మాట్లాడడని పేరున్న కొలిమి మేస్త్రి స్టూలు తుడిచి వేశాడు. ఎక్కడికి వెళ్ళినా కళ్ళు చెమర్చిన మనుషులే. అదంతా తన మాటకారితనం అనుకుంది పిట్ట. క్లాసులో ఒకటికి రెండు కలిపి చెప్పుకుని మురిసిపోయింది కూడా. తలుచుకుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

“పెదనాన్నగారూ, లోపల నా గురించి ఏం చెప్పారు?”

ఆయన బుకాయించలేదు. బల్లమీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆ చేతులతో ఎందరి మోకాళ్ళు చేశాడో.

“తెలిసిపోయిందా.”

“నేను అక్కను ఒక్కసారైనా చూడలేదు కదండీ.”

“ఎలా చూస్తావు. నువ్వు నన్ను కలిసేసరికే అది లేదు.”

అన్నిచోట్లా అదే చెప్పారా అని అడిగింది. అన్నిచోట్లా అదే అన్నాడు. అనుకుని చేసింది కాదట. మొదటి వర్క్‌షాపులో ఆయన పాత స్నేహితుడు, బయట బల్లమీద వాగుతూ కూర్చున్న పిట్టను చూసి, ఎవరయ్యా ఈ పిల్ల, గుక్క తిప్పుకోదేంటి అని విసుక్కున్నాడట. విసుక్కుంటున్నాడే అన్న కంగారులో, మా అమ్మాయి స్నేహితురాలని నోరు జారాడట. అంతే, ఆ మనిషి మొహం మారిపోయింది. కుర్చీ తెచ్చి వేశాడు. పెద్దమేస్త్రి కూతురు ఒకప్పుడు ఏం చెప్పి నవ్వించిందో గుర్తుచేసుకున్నాడు. చాలాకాలానికి ఒకరి నోట కూతురి మాట వినపడింది. ఇక రెండోచోట నోరు జారలేదు, కావాలనే చెప్పాడు.

“అంటే నన్ను చూసి కాదన్నమాట. నేనెవరైనా ఒకటే,” అంది పిట్ట.

పెద్దమేస్త్రి పిట్ట వైపు చూడకుండా మాట్లాడాడు.

“అది కూడా నీలాగే తల్లీ. కాలేజీలో ఉన్నప్పటి నుంచీ ఒక్కొక్కరినీ కలిసి, పలకరించి, గుర్తుపెట్టుకుని, ఎంతమందిని సంపాదించుకుందో. నా పేరు చెప్పుకోవడం దానికి ఇష్టం ఉండేది కాదు. నాన్న మనుషులు వద్దు, నా మనుషులు నాకు కావాలి అనేది. దాని బట్టలు పంచేశాను. దాని పనిముట్లు కాలేజీకి ఇచ్చేశాను. ఈ మనుషుల్ని ఏం చెయ్యను? ఊరికే పోనివ్వమంటావా? నువ్వు కనిపించావు. నీకు ఎవరూ లేరు.”

పిట్టకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ వచ్చినట్టే వచ్చి ఎక్కడో ఇంకిపోయింది. ఆ మాటలో ఆమెకు తనూ కనిపించింది. రేపు తనకేదైనా అయితే, ఇంత తిరిగి కూడగట్టుకున్న పలకరింపులన్నీ ఏమైపోతాయి? లాండ్రీలో ఇస్త్రీ పెట్టె ముందు నిలబడే తల్లికి వాళ్ళలో ఒక్కరైనా తెలుసా?

లోపల ఇన్‌చార్జి ఏమడిగిందని పెద్దమేస్త్రి అడిగాడు. పిట్ట చెప్పింది. ఆయన, చెప్పెయ్యి, తలుచుకుందని చెప్పెయ్యి, అన్నాడు.

“నాచేత అబద్ధం చెప్పించకండి పెదనాన్నగారూ.”

“అబద్ధం కాదమ్మా.” ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. “గేటు చప్పుడైతే చాలు, అదేనా నాన్నా వచ్చింది అని అడిగేది. రోజూ అడిగేది.”

“మరి వచ్చినప్పుడు?”

“వచ్చినప్పుడు నేనే బయటికి వెళ్ళి నిద్రపోతోందని చెప్పి పంపేశాను. లోపలికి వచ్చి, పాలవాడమ్మా అన్నాను.”

హాల్లో కడ్డీల దగ్గర ఎవరో బాగా నడిచారు కాబోలు, చప్పట్లు వినిపించాయి.

“నా కూతురి చేతులు పనికిరావన్న మనిషిని గడప తొక్కనివ్వకూడదనుకున్నాను,” అన్నాడు. “దానికి అంత టైము లేదని నాకేం తెలుసు. కోపం తగ్గాక పిలుద్దాం అనుకున్నాను. అది పోయాక ఈ అమ్మాయికి చెప్పాలంటే నోరు రాలేదు. నువ్వు చెప్పు తల్లీ. నీకు చెప్పినట్టు చెప్పు. దానికి శాంతిగా ఉంటుంది, నీ సీటు నీకొస్తుంది. నా సంగతి ఒక్కటీ రానివ్వకు.”

పిట్ట వరండా చివరనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి నిజంగానే నీళ్ళు తాగింది. తాగి, మొహం కడుక్కుంది. ఆమెకు ఇన్నాళ్ళూ ఒక నమ్మకం ఉండేది, ఏ గదిలోకి వెళ్ళినా నోటితో దారి చేసుకోగలనని. ఇప్పుడు ఆ గదికి తిరిగి వెళ్ళే ఆ కాస్త దూరమూ ఆమెకు ఏ మాటా తోచలేదు. ఒక్కటి మాత్రం తెలిసింది. ఆ మాట తన నోటితో చెబితే, ఇక జీవితమంతా ఈ కేంద్రంలో తను చచ్చిపోయిన మనిషికి సాక్షిగా బతకాలి. ఇన్‌చార్జి మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. ఇంకేమంది, ఎప్పుడంది, అన్నప్పుడు ఏడ్చిందా. తను మళ్ళీ మళ్ళీ కల్పించాలి. కల్పించడం తనకు వచ్చు. అదే ఆమెను భయపెట్టింది.

లోపల ఇన్‌చార్జి అలాగే కూర్చుని ఉంది, మేజోడు కూడా తీయలేదు. పిట్ట కూర్చోలేదు.

“మేడమ్, నేను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. గుర్తులు పెట్టడం నేర్పింది పెద్దమేస్త్రిగారు. ఆయన చెప్పినట్టు నేను ఆవిడ పక్కన కూర్చోలేదు. ఆవిడ నన్ను మీకు అప్పగించలేదు. నాకు ఇందాక దాకా ఇదేమీ తెలియదు. తెలియకుండానే తల ఊపాను. అది నా తప్పు.”

అన్నాక, నడక నేర్చుకునేవాళ్ళు మొదటిసారి కడ్డీలు వదిలేసినట్టు అనిపించింది పిట్టకు. పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఇన్‌చార్జి కళ్ళు ఎర్రబడ్డాయి. తిడుతుందనుకుంది పిట్ట. ఆమె తిట్టలేదు. వంగి మేజోడును కిందికి చుట్టడం మొదలుపెట్టింది, నెమ్మదిగా, కొంకులు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయేలా. సీటు ఊసు ఇద్దరూ ఎత్తలేదు. పిట్ట చూస్తుండగానే అది ఆ గదిలోంచి వెళ్ళిపోయింది, తలుపు చప్పుడు కాకుండా బయటికి పోయే మనిషిలా.

“అలాగైతే ఆయన నాకెందుకు అబద్ధం చెప్పారు?” అంది ఇన్‌చార్జి, పిట్టతో కాదు, ఆ అరల్లోని ప్లాస్టర్ కాళ్ళతో అన్నట్టు. “నా మొహం చూడడానికే ఇష్టపడని మనిషి…”

ఆమె చెయ్యి ఆగిపోయింది. పిట్ట వైపు తిరిగింది.

“ఆయన నాతో చెప్పిందాంట్లో ఇంకేమేం అబద్ధాలు? నీకు తెలుసు. ఇందాక బయట మాట్లాడుకున్నారు, కిటికీలోంచి చూశాను. ఆయన ఏడుస్తున్నారు.”

పిట్టకు తెలుసు. నోటి దాకా వచ్చింది కూడా. చెబితే ఈ మనిషి స్నేహితురాలు ఈమెకు తిరిగి దొరుకుతుంది. కాకపోతే బయట బల్లమీద కూర్చున్న ఆయనకు మిగిలిన కాస్తా పోతుంది. తన సంగతి తాను చెప్పుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేకపోయింది. ఇది తనది కాదు.

వెళ్ళి తలుపు తెరిచింది.

“పెదనాన్నగారూ,” అంది, “మేడమ్ మిమ్మల్ని ఏదో అడగాలంటున్నారు.”

పెద్దమేస్త్రి లేచి నిలబడ్డాడు. పిట్ట మొహంలోకి చూశాడు. అక్కడ ఏం కనిపించిందో, గోడకు చెయ్యి ఆనించాడు.

ఇన్‌చార్జి ఒక కాలికి మేజోడు సగం జారి ఉండగానే గుమ్మం దాకా వచ్చింది.

“బాబాయిగారూ, నేను వచ్చిన రోజు అది నిద్రపోతోందా?”

— పెద్దక్క, అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది చిన్న కూతురి ఇంట్లో, వీధివైపు గదిలో.